దొరికి, మాయమై, లెక్కలో మళ్లీ దొరికిన సెరిస్

గ్రహశకలం అనగానే భూమిని గుద్దడానికి వచ్చే బండరాయే గుర్తొస్తుంది కదా. ఈ ఎపిసోడ్‌లో అన్నిటికంటే ముందు దొరికిన సెరిస్ గురించి చెప్పుకుందాం. అది దొరకడం కంటే, దొరికి మళ్లీ కనపడకుండా పోవడమే అసలు కథ.

భూమికీ సూర్యుడికీ మధ్య దూరాన్ని 1 అనుకోండి. అంగారకుడు 1.5 దగ్గర ఉంటాడు, గురుడు 5.2 దగ్గర. మధ్యలో ఇంత ఖాళీ ఏంటి? 2.8 దగ్గర ఇంకో గ్రహం ఉండాలని చాలామంది నమ్మారు. 1800లో జర్మనీలో ఫాన్ జాక్ దాన్ని వెతకడానికి ఒక బృందాన్నే కట్టాడు.

కానీ ఆ బృందం పిలుపు ఇంకా అందని మనిషికే అది దొరికింది. 1801 జనవరి 1 రాత్రి. సిసిలీలోని పలెర్మో. జుసెప్పె పియాజ్జి అనే క్రైస్తవ సన్యాసి నక్షత్రాల పట్టిక తయారు చేస్తున్నాడు. వృషభ రాశిలో ఓ చిన్న చుక్క కనిపించింది. మర్నాడు చూస్తే చోటు మారింది! నక్షత్రమైతే అలా కదలదు కదా. ఫిబ్రవరి 11 దాకా దాన్ని గమనించి, తర్వాత జబ్బుపడ్డాడు. ఆయన కొలతలు అందరికీ అందేసరికి సెరిస్ సూర్యుడి వెలుగు చాటుకి వెళ్లిపోయింది.

మళ్లీ బయటికొచ్చాక ఎక్కడ వెతకాలి? చేతిలో ఉన్నది 41 రోజుల డేటా. సెరిస్ సూర్యుణ్ణి చుట్టడానికి 4.6 ఏళ్లు పడుతుంది. అంటే మొత్తం దారిలో దాదాపు నలభయ్యో వంతే తెలుసు. పైగా టెలిస్కోప్ దిక్కు చెబుతుందే గానీ దూరం చెప్పదు. చూస్తున్న మన భూమి కూడా కదులుతూనే ఉంది!

ఈ లెక్క పట్టుకున్నాడు కార్ల్ ఫ్రెడరిక్ గాస్. వయసు 24. కక్ష్య గుండ్రంగా ఉంటుందని ముందే అనుకోకుండా, కెప్లర్ నియమాలనూ ఆ కొద్ది కొలతలనూ పట్టుకుని దారి గీశాడు. ఆయన చెప్పిన చోటు మిగతావాళ్లు చెప్పిన చోటికి బాగా దూరం. 1801 డిసెంబర్ 31న జాక్ చూస్తే, గాస్ చెప్పినచోటికి దగ్గర్లోనే సెరిస్ ఉంది!

తర్వాత వరసగా పల్లాస్ (1802), జూనో (1804), వెస్టా (1807) దొరికాయి. మొదట్లో వీటన్నిటినీ గ్రహాలనే లెక్కేశారు. 1845 నుంచి ఇంకా ఇంకా దొరుకుతుంటే ఆ హోదా తీసేయక తప్పలేదు. సెరిస్ వ్యాసం దాదాపు 940 కిలోమీటర్లు, మన చంద్రుడిలో పావు కంటే కాస్త ఎక్కువ. సూర్యుడికి సగటున 41 కోట్ల కిలోమీటర్ల దూరం. వెస్టా 525 కిలోమీటర్లు, 35 కోట్ల దూరం. 2006లో సెరిస్‌కి మరగుజ్జు గ్రహం అనే పేరొచ్చింది.

1809లో గాస్ తన కక్ష్యల పుస్తకంలో లీస్ట్ స్క్వేర్స్ పద్ధతిని వివరించాడు. దాన్ని మొదట అచ్చువేసింది లెజెండర్, 1805లో. తప్పులున్న కొలతల్లోంచి సరైన గీతను పట్టే పద్ధతి అది. బీటెక్‌లో మనం మార్కుల కోసం బట్టీపట్టిందీ, ఇవాళ మెషిన్ లెర్నింగ్ మొదటి పాఠంలో వచ్చేదీ అదే. ఆ ఫార్ములా వెనక తప్పిపోయిన ఓ చుక్కని వెతికే తపన కూడా ఉందని ఎవరైనా చెప్పుంటే, ఆ క్లాసులో మనం నిద్రపోయేవాళ్లమా? కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం.