ఇష్టానికీ ఒక చరిత్ర వుంది

‘పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి’ అన్న సామెతతో అభిరుచిని గురించిన చర్చ చాలాసార్లు మొదలు కాకముందే ముగిసిపోతుంది. ఒకడికి తుపాకుల ఆట ఇష్టం, ఇంకొకడికి కారు పందెం ఇష్టం, ఒకామెకు రంగురంగుల మిఠాయి బిళ్లలు జతచేసే ఆట ఇష్టం. ఒకరు సెల్‌ఫోనులో తప్ప ఆడరు. మరొకరు టీవీకి తగిలించే కన్సోల్ మీద ఆడితేనే అది ఆట అంటారు. ఎవరి ఇష్టం వారిది, ఇందులో విమర్శకుడికి పనేమిటని అడగవచ్చు.

సాహిత్య విషయంలో మనం ఈ సమాధానంతో తృప్తిపడలేదు. 1943 ఫిబ్రవరిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన తెనాలిలో అభ్యుదయ రచయితల తొలి మహాసభ జరిగింది. పాఠకుని అభిరుచి ఆకాశం నుంచి ఊడిపడదనీ, దానికి సామాజిక మూలాలుంటాయనీ ఆ ఉద్యమం మనకు నేర్పింది. నవలకూ నాటకానికీ వర్తించే ఈ సూత్రం వీడియో ఆటకు మాత్రం ఎందుకు వర్తించకూడదు? తెనాలి పక్కనే, బెజవాడ రైలుదారిలో, పసుపు మార్కెట్ యార్డుకు పేరుపడిన దుగ్గిరాల వంటి వూరిని దృష్టిలో పెట్టుకుని ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

యంత్రానికి ముందు

1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా జీవితాన్ని కాలువ నీరే శాసించింది. నాట్లకూ కోతలకూ మధ్య దొరికిన తీరికే ఆటల కాలం. ఆంధ్రదేశంలో ఎన్నో పాత గుళ్ల మండపాల నేలమీద, రచ్చబండల మీద చెక్కివున్న పులిజూదం గీతలు ఆ తీరికకు సాక్ష్యం. 3 పులులు, 15 మేకలు. పులి మేకను దాటి చంపుతుంది. మేకలు పులిని చంపలేవు గాని, కలిసికట్టుగా నిలిచి కదలకుండా బంధించగలవు. బలం ఒకవైపు, సంఖ్య మరొకవైపు వున్న ఈ ఆటను వర్గపోరాటానికి ప్రతీక అనేయటం తొందరపాటే అవుతుంది. పులి పక్షాన ఆడటానికి ఇష్టపడేవాడు కూలి కుటుంబం నుంచే రావచ్చు. అయితే ఏ పక్షాన కూర్చోవటం ఇష్టమో చెప్పటంలో ఒక లోకజ్ఞానం వున్నదన్నది మాత్రం నిజం.

ఇళ్లలో ఆడవాళ్లకు చింతగింజలతో ఆడే 14 గుంటల వామనగుంటలు, గవ్వలతో ఆడే అష్టాచెమ్మా వుండేవి. రచ్చబండ మగవాళ్లది, వసారా ఆడవాళ్లది. ఏ కులం వాళ్లు ఎవరి అరుగు మీద కూర్చోవచ్చో కూడా నిర్ణయమై వుండేది. కాబట్టి ఆనాటి ఇష్టం స్వేచ్ఛగా విహరించిందని పొగడటానికి వీల్లేదు.

కాని ఆ ఆటలకు ఒక ముఖ్య లక్షణం వుంది. వాటికి యజమాని లేడు. సుద్దముక్క, నాలుగు గులకరాళ్లు వుంటే చాలు. ఒక వూళ్లో చెల్లే నియమం పక్క వూళ్లో చెల్లేది కాదు. ‘మా దగ్గర ఇలా ఆడతాం’ అనటానికి ఆటగాళ్లకు హక్కుండేది. అంటే ఆనాడు ఇష్టమంటే వున్నవాటిలో ఒకదాన్ని ఎంచుకోవటమే కాదు, నియమాన్ని మార్చుకోవటం కూడా. ఈ హక్కు చేతులు మారిన కథే వీడియో ఆటల చరిత్రలో మనకు ప్రధానమైన అంశం.

గంట అద్దె, రెండు రిమోట్లు

1972లో అమెరికాలో అటారీ సంస్థ ‘పాంగ్’ను, 1978లో జపానులో టైటో సంస్థ ‘స్పేస్ ఇన్వేడర్స్’ను తెచ్చాయి. 1889లో క్యోటోలో పేకముక్కలు తయారుచేస్తూ పుట్టిన నింటెండో 1983లో ఇంటి టీవీకి తగిలించే యంత్రాన్ని విడుదల చేసింది. మన చిన్న పట్టణాలకు 1990లలో ఎక్కువగా చేరినవి దాని నకళ్లు. అసలు యంత్రం పేరు తెలియకుండానే ఒక తరం ‘వీడియో గేమ్’, ‘క్యాసెట్’ అన్న రెండు మాటలతో మారియోనూ కాంట్రానూ తన సొంతం చేసుకుంది.

ఇంట్లో యంత్రం లేని పిల్లలు దుకాణంలో గంటకింత అని అద్దె ఇచ్చి ఆడారు. ఇద్దరు కలిసి ఆడగల కాంట్రా వంటి ఆట అయితే అద్దె సగం సగం పంచుకోవచ్చు. స్నేహం వల్ల ఇష్టం ఏర్పడిందా, జేబు వల్ల ఏర్పడిందా అని వేరు చేసి చెప్పటం కష్టం. రెండూ కలిసే దాన్ని రూపొందించాయి. ఆ దుకాణాలు చాలావరకు మగపిల్లల చోట్లు. అక్కడికి వెళ్లలేని ఆడపిల్లకు ఆ ఆటలంటే ఇష్టం లేదనటం చరిత్రను తలకిందులుగా చదవటమే. ఆమెకు అవకాశమే రాలేదు.

1997లో నోకియా 6110తో ‘స్నేక్’ ఆట ఫోనులోకి వచ్చింది. తర్వాతి చవకరకం ఫోన్లతో ఆ పాము పల్లెలకూ పాకింది. ఫోను కొన్నది ధరవరలు తెలుసుకోవటానికి, దూరాన వున్న బిడ్డతో మాట్లాడటానికి. ఆట దానితోపాటు ఇంట్లోకి వచ్చింది.

ఖరీదైన కన్సోల్, ఉచితమైన ఫోను

ఈనాడు ‘నాకు కన్సోల్ ఇష్టం’, ‘నాకు ఫోను ఇష్టం’ అన్న మాటల వెనుక వున్న లెక్క చూడాలి. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు దాని ధర 49,990 రూపాయలు. కొత్త ఆట ఒక్కొక్కటి 4,999 రూపాయల దాకా పలికింది. 2021–22లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 245 రూపాయలు. ఏడాదికి హామీ ఇచ్చిన 100 రోజుల పనీ పూర్తిగా దొరికి, ఆ కుటుంబం రెండేళ్లపాటు తిండి మానేసి కూడబెట్టినా 49,000 మాత్రమే అవుతుంది. ఇంకా 990 తక్కువ. ఈ లెక్క ముందు ‘ఎవరి ఇష్టం వారిది’ అన్న మాట నిలవదు.

అట్లని కన్సోల్ మీది ఇష్టాన్ని డబ్బున్నవాడి డాబు అని కొట్టివేయటమూ సరికాదు. ఒకసారి కొంటే ప్రకటనలు అడ్డురాకుండా, మొదలూ నడుమా ముగింపూ వున్న కథను గంటలకొద్దీ అనుభవించాలన్న కోరిక అందులో వుంది. అది నవల పాఠకుడి కోరిక వంటిదే. ఫోనులోని చాలా ఆటలు ముగింపు లేని సీరియల్ వంటివి. యార్డులో బస్తా ఎత్తుడికీ దింపుడికీ నడుమ చిక్కే పది నిమిషాలు, తెనాలి నుంచి బెజవాడకు పోయే రైలులో కాలేజీ పిల్లవాడి ముప్పావుగంట, వంట ముగించిన ఇల్లాలికి అందరూ నిద్రపోయాక మిగిలే కాసేపు - ఈ ముక్కలైన తీరికకు సరిపడేలా ఆ ఆటల్ని కత్తిరించారు. తీరిక ఆకారాన్ని బట్టే ఇష్టం ఆకారం.

2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకైంది. ఆటలు ‘ఉచితం’ అయ్యాయి. ఉచితమైన చోట ఆటగాడి ధ్యాసే సరుకు. ఎక్కడ ఓడిపోతే విసుగు పుడుతుందో, ఎంతసేపు ఆపితే డబ్బు కట్టి ముందుకు పోతాడో కంపెనీ లెక్కగట్టి నియమాలు రాస్తుంది. వెనుక రచ్చబండ మీద ఆటగాడు నియమాన్ని మార్చేవాడు. ఇప్పుడు నియమమే ఆటగాణ్ణి మారుస్తున్నది.

నిషేధం తేల్చని ప్రశ్న

ప్రభుత్వాలు ఈ సమస్యను ఎక్కువగా చట్టం వైపు నుంచే చూశాయి. సికింద్రాబాదు క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యమున్న ఆట అన్నది. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు దశాబ్దాల తర్వాత ఆ తీర్పును డాలుగా పట్టుకున్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ జూద చట్టాలను సవరించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అప్పులపాలైన కుటుంబాలను చూసినవారెవరూ ఈ చర్యల అవసరాన్ని కాదనరు.

కాని పందెం లేని ఆటల సంగతి వేరు. 2018లో వచ్చిన పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరు 2న దేశ భద్రత పేరుతో నిషేధించారు. 2021లో అదే ఆట భారత దేశపు పేరుతో తిరిగి వచ్చింది. 2022లో మళ్లీ ఆగి, 2023లో మళ్లీ వచ్చింది. పేరు పోయినా ఇష్టం పోలేదు. ఎందుకు? 100 మందిని ఒక దీవిలో దింపి చివరికి ఒక్కడే మిగలాలనే ఆట అది. ఇంతకంటే నగ్నంగా మార్కెట్ నీతిని చెప్పటం కష్టం. అయినా మన కుర్రాళ్లు దాన్ని నలుగురు జట్టుగా, చెవుల్లో తీగలు పెట్టుకుని, తెలుగులో ‘ఒరేయ్, నా వెనకాలే రా’ అని పిలుచుకుంటూ ఆడారు. ఆట నీతి ఒంటరితనం, ఆడినవారి కోరిక సహవాసం. ఈ వైరుధ్యాన్ని చూడని విమర్శ ‘పిల్లలు చెడిపోయారు’ అన్న ముసలి నిట్టూర్పు దగ్గరే ఆగిపోతుంది.

ఆటకూ కర్త వుంటాడు

రచయితలకు ఆసక్తి కలిగించవలసిన విషయం ఇంకొకటి వుంది. అటారీ సంస్థ తన ఆటలపై రూపకర్తల పేర్లు వేయలేదు. అందుకే వారెన్ రాబినెట్ ‘అడ్వెంచర్’ అనే ఆటలో ఒక రహస్యపు గదిలో తన పేరు దాచాడు. 1979లో నలుగురు ప్రోగ్రామర్లు ఆ సంస్థను విడిచి యాక్టివిజన్ స్థాపించారు. పేరూ ప్రతిఫలమూ అడిగిన శ్రామికుల కథ ఇది. 1984లో మాస్కోలో టెట్రిస్‌ను రూపొందించిన అలెక్సీ పజిత్నోవ్‌కు 1996 దాకా దానిమీద రాయల్టీ అందలేదు. భూస్వామ్య గుత్తాధిపత్యంలోని అన్యాయాన్ని బోధించాలని ఎలిజబెత్ మాగీ 1904లో పేటెంటు పొందిన ‘భూస్వామి ఆట’, 1935లో కంపెనీ చేతిలో పడి, గుత్తాధిపత్యాన్ని ఆనందించే ‘మోనోపలీ’గా లోకమంతా చెలామణి అయింది. అదే బల్ల, నియమం మాత్రం మారింది. ఆట అర్థమంతా నియమంలో వున్నదనటానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు కథలు రాస్తూనే సినిమా గురించీ వ్యాసాలు రాశాడు. జనం కోట్ల గంటలు గడిపే కళను పట్టించుకోకపోవటం గొప్పతనం కాదని ఆయన కృషి చూపింది. ఈనాడు ఆ గంటలు ఆటల్లో గడుస్తున్నాయి. మన పత్రికల్లో ఒక్క ఆటకైనా నవలకు రాసినంత శ్రద్ధగా సమీక్ష రావాలి. ఎవరి అనుభవాన్ని ఆ ఆట చెప్పింది, ఎవరిని మరచింది, దాని నియమం ఏ నీతిని అలవాటు చేస్తున్నది అని అడగాలి. కళాశాలల్లో సాహిత్య విద్యార్థులూ కంప్యూటర్ విద్యార్థులూ కలిసి కూర్చుని మన పసుపు పొలాలూ, కాలువ వంతులూ, యార్డు వేలంపాటలూ వస్తువుగా ఒక చిన్న ఆట తయారుచేయటం అసాధ్యమేమీ కాదు. ఫలానా ఆట ఇష్టపడవద్దని ఎవరికీ చెప్పనక్కర్లేదు. ‘మా దగ్గర ఇలా ఆడతాం’ అనే పాత హక్కు తిరిగి చేతికి వస్తే, ఏది ఇష్టపడాలో ఆడేవాళ్లే తేల్చుకుంటారు.