వినోద వాహనాలకు పూర్తి బాడీ పెయింటు

వినోద వాహనం వెలుపలి గోడలకు, ముందు వెనుక భాగాలకు, సామాను అరల తలుపులకు కర్మాగారంలోనే రంగులు వేసి, వాటిపై పారదర్శకమైన పూత పూసే పద్ధతిని పూర్తి బాడీ పెయింటు అంటారు. వినోద వాహనం అనగా పడక, వంటగది, స్నానాల గది కలిగి, ప్రయాణంలో ఇల్లులా ఉపయోగపడే వాహనం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వీటిని ఆర్.వి.లు అని పిలుస్తారు. వీటిలో స్వంత ఇంజను కలిగినవి మోటారు హోములు, మరొక వాహనానికి తగిలించి లాగేవి ట్రెయిలర్లు. పూర్తి బాడీ పెయింటు ప్రధానంగా బస్సు ఆకారంలో ఉండే ఖరీదైన మోటారు హోములలో కనిపిస్తుంది. చవక రకాలలో తెల్లని ఫైబర్ గ్లాస్ గోడపై ప్లాస్టిక్ స్టిక్కర్లు అంటించి సరిపెడతారు.

ఈ వాహనాలు కర్మాగారంలో తయారైనప్పటికీ వీటి రంగు మాత్రం దాదాపు పూర్తిగా చేతిపని. నాలుగైదు రంగుల వాహనానికి ఈ పని రోజుల తరబడి సాగుతుంది. వాహనపు గోడలలోని నురుగు, జిగురు, చెక్క అధిక వేడిని తట్టుకోలేకపోవడమే ఇందుకు మూలకారణం. పెయింటు ధర, పెయింటులో కనిపించే లోపాలు, పెయింటర్ల ఆరోగ్యానికి కలిగే ముప్పు కూడా చాలావరకు ఈ కారణంతోనే ముడిపడి ఉన్నాయి.

పేరు

"పూర్తి" అన్నది అక్షరాలా నిజం కాదు. చాలా వాహనాలలో పైకప్పు రబ్బరు వంటి పొరతో గాని, తెల్లని ఫైబర్ గ్లాస్‌తో గాని ఉండి రంగుకు నోచుకోదు. గోడ పైఅంచు వరకు మాత్రమే రంగు వేస్తారు. గోడ కింది సగానికి, ముందు భాగానికి మాత్రమే రంగు వేసి మిగిలినది తెల్లగా వదిలివేస్తే దానిని పాక్షిక పెయింటు అంటారు.

చరిత్ర

అమెరికాలో తొలితరం వినోద వాహనాల గోడలు ఎక్కువగా అల్యూమినియం రేకువి. 1931లో వాలీ బయమ్ స్థాపించిన ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ అసలు రంగే వేయకుండా మెరిసే లోహాన్నే తన గుర్తుగా చేసుకున్నది. అయోవా రాష్ట్రంలోని ఫారెస్ట్ సిటీలో 1958లో మొదలైన విన్నెబాగో సంస్థ తన మోటారు హోముల పక్కగోడలపై ఇంగ్లీషు "డబ్ల్యూ" అక్షరపు పట్టీ వేసేది. దూరం నుండి ఆ పట్టీని చూసే జనం బండిని గుర్తుపట్టేవారు.

తరువాత రేకుల స్థానంలో ఫైబర్ గ్లాస్ పలకలు వచ్చాయి. ఈ పలకల పైపొరను జెల్‌కోట్ అంటారు. ఇది రంగు కలిపిన రెజిన్ పూత. పలకతో పాటే తయారవుతుంది కనుక వేరే పెయింటు అవసరం లేకుండానే గోడ తెల్లగా నిగనిగలాడుతుంది. అలంకరణకు దానిపై వినైల్ స్టిక్కర్లు అంటించేవారు. అయితే ఎండకు స్టిక్కర్లు కొన్నేళ్ళకే వెలిసి, పగిలి, అంచులు లేచిపోతాయి. వాటిని గీకి తీసినా, కింద దాగి ఉన్న జెల్‌కోట్ చుట్టుపక్కల కన్నా తెల్లగా ఉండటం వలన పాత బొమ్మ నీడలా కనిపిస్తూనే ఉంటుంది.

పూర్తి పెయింటుకు ఆదర్శం బస్సుల నుండి వచ్చింది. కెనడాలోని క్యూబెక్‌కు చెందిన ప్రెవోస్ట్ సంస్థ బస్సులను కొని, లోపల ఇల్లుగా మార్చి, వెలుపల మొత్తం కోరిన రంగులు వేయించుకోవడం సంపన్నులలో అలవాటుగా ఉండేది. 1990 దశకంలో ఇంజను వెనుక ఉండే డీజిల్ మోటారు హోములు ప్రాచుర్యం పొందినపుడు వాటి తయారీదారులు కూడా ఇదే మార్గం పట్టారు. 2000 దశకం నాటికి ఖరీదైన మోటారు హోములలో ఇది సాధారణమైపోయింది. అలల వంటి పెద్ద వంపు పట్టీలు ఆ కాలపు డిజైన్లకు గుర్తుగా నిలిచాయి.

అమెరికాలో ఆర్.వి.ల తయారీకి కేంద్రం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ ప్రాంతం. 1968లో మొదలైన న్యూమార్ సంస్థ అక్కడికి దగ్గరలోని నప్పనీ పట్టణంలో ఉంది. ఈ ప్రాంతపు కర్మాగారాలలో ఆమిష్ మతస్థులు పెద్ద సంఖ్యలో పనిచేస్తారు. స్వంతంగా కారు నడపడం తమ నియమాలకు విరుద్ధమని భావించి గుర్రపు బండ్లలో తిరిగే వీరి చేతుల మీదుగా ఈ భారీ మోటారు వాహనాలు తయారు కావడం ఒక విశేషం. అలబామాలోని రెడ్ బే పట్టణంలో 1972లో మొదలైన టిఫిన్ సంస్థ, ఒరెగాన్‌లోని కోబర్గ్ పట్టణానికి చెందిన మొనాకో కోచ్ సంస్థ కూడా మోటారు హోములకు పేరు పొందాయి. వీటిలో మొనాకో 2009లో ఆర్థిక మాంద్యం వలన దివాలా తీసింది. అన్ని సంస్థలకూ స్వంత పెయింటు శాల ఉండదు. కొందరు తయారైన వాహనాన్ని సమీపంలోని పెయింటు కాంట్రాక్టరు వద్దకు పంపి రంగు వేయించి తెప్పించుకుంటారు.

కార్ల పెయింటుతో తేడా

కార్ల కర్మాగారంలో ముందుగా రంగు వేసేది ఖాళీ ఉక్కు డొక్కుకు. దానిని విద్యుత్తు ప్రవహించే ప్రైమరు తొట్టిలో ముంచి, సుమారు 160 నుండి 180 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. తరువాత రోబోలు రంగు చిమ్ముతాయి. సీట్లు, తీగలు, ఇంజను అన్నీ రంగు ఆరిన తరువాతనే బిగిస్తారు.

మోటారు హోములో ఈ వరుస తలకిందులవుతుంది. ఫ్రైట్‌లైనర్, ఫోర్డ్ వంటి సంస్థల నుండి ఇంజను, చక్రాలతో సహా ఛాసీ వస్తుంది. దానిపై నేల, గోడలు, కప్పు అమర్చి ఇల్లు కడతారు. గోడ అనేది ఒకే పదార్థం కాదు. బయట పలుచని ఫైబర్ గ్లాస్ పలక, దాని వెనుక పలుచని ప్లైవుడ్, మధ్యలో అల్యూమినియం చట్రం, పాలిస్టైరీన్ నురుగు, ఇవన్నీ జిగురుతో అతికి ఉంటాయి. పాలిస్టైరీన్ నురుగు 80 డిగ్రీలు దాటితే ఆకారం కోల్పోవచ్చు. పెయింటు శాలకు చేరే సమయానికి లోపల తీగలు, నీటి గొట్టాలు, చాలా చోట్ల అలమరలు కూడా బిగించి ఉంటాయి. అటువంటి వాహనాన్ని కార్ల కొలిమిలోకి పంపడం అసాధ్యం.

అందువలన ఇక్కడ వాడే పెయింటు కార్ల కర్మాగారపు పెయింటు కాదు. ప్రమాదానికి గురైన కారుకు షెడ్డులో వేసే రకం. రెండు డబ్బాలలో విడివిడిగా వచ్చే ద్రవాలను వాడే ముందు కలుపుతారు. రెండవ డబ్బాలోని హార్డెనర్ మొదటి దానితో రసాయనికంగా కలిసి, సుమారు 60 డిగ్రీలకు మించని గోరువెచ్చని గాలిలోనే గట్టిపడుతుంది. ఒక విధంగా చెప్పాలంటే ఇది 45 అడుగుల వరకు పొడవుండే కారు షెడ్డు పని.

రంగు వేసే క్రమం

పనిలో అధిక భాగం రంగు చిమ్మడానికి ముందే జరుగుతుంది. ఫైబర్ గ్లాస్ భాగాలను అచ్చు నుండి సులువుగా విడదీయడానికి అచ్చుకు మైనం వంటి పదార్థం పూస్తారు. దాని అవశేషం గోడపై ఉంటే పెయింటు పట్టదు. కావున ముందు సబ్బు నీటితో, తరువాత ద్రావకంతో తుడుస్తారు. ఈ వరుస మార్చకూడదు. మైనం తొలగించకముందే గరుకు కాగితంతో రుద్దితే ఆ మైనం గీతలలోకి దిగి మరింత చిక్కు తెస్తుంది. శుభ్రం చేసిన తరువాత 320 లేక 400 నంబరు కాగితంతో నిగారింపు పోయే వరకు రుద్దుతారు. మోటారు హోము ముందు వెనుక టోపీల వంటి భాగాలు అచ్చులో పోసినవి కనుక వాటిలో సూదిమొనంత గాలి రంధ్రాలు ఉంటాయి. వాటిని పుట్టీతో పూడ్చి మళ్ళీ రుద్దాలి. ఒక్క రంధ్రం మిగిలినా, వెచ్చదనానికి అందులోని గాలి వ్యాకోచించి పైపూతను బుడగలా చీల్చుకుని బయటకు వస్తుంది. ఫైబర్ గ్లాస్‌ను రుద్దినపుడు స్థిర విద్యుత్తు పుట్టి దుమ్మును ఆకర్షించడం మరొక చికాకు. దీనికి ప్రత్యేక ద్రావకాలతో తుడవడం, అయనీకరించిన గాలిని ఊదడం వంటివి చేస్తారు.

కిటికీలు, దీపాలు, చక్రాలు కాగితంతోను, పలుచని ప్లాస్టిక్‌తోను కప్పి వాహనాన్ని బూత్‌లోకి తెస్తారు. బూత్ అనగా పైనుండి వడపోసిన గాలి దిగి, తుంపరలను వెంట తీసుకుని నేలలోని జాలీల గుండా బయటకు పోయే పొడవైన గది. వాహనం ఎత్తు 12 అడుగులకు పైబడి ఉంటుంది గనుక గోడల వెంట కదిలే లిఫ్టులపై నిలబడి పెయింటర్లు పని చేస్తారు. మొదట ప్రైమరు, తరువాత మూల రంగు వేస్తారు.

ఆ తరువాతది డిజైను గీత. వాహనపు గోడపై కొలతలు తీసి, కొన్ని మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే ఉండే సన్నని ప్లాస్టిక్ టేపును చేత్తో లాగుతూ వంపులు తిప్పుతారు. మామూలు కాగితపు టేపు ఇలా వంగదు. వంపు సాఫీగా రావడానికి అడుగడుగునా అతికించకుండా, దూరంగా చూపు నిలిపి ఒకే ఊపులో లాగడం ఇందులోని నేర్పు. కుడి గోడపై వంపు, ఎడమ గోడపై వంపు ఒకదానికొకటి అద్దంలో బింబంలా ఉండి, రెండూ ముందు భాగం వద్ద కలవాలి. ప్రక్కకు జరిగే గదులు ఉన్న వాహనంలో మరో చిక్కు ఉంది. గది మూసినపుడు పట్టీ గోడపై విరగకుండా సాగాలి, తెరిచినపుడు గది పక్క భాగాలు రంగు లేకుండా కనిపించకూడదు. కావున గదిని తెరిచి కొంత, మూసి కొంత పని చేస్తారు.

ఒక రంగు ఆరిన తరువాత దానిని కప్పి తరువాతి రంగు, దానిని కప్పి మరొకటి, ఇలా పొరపొరగా సాగుతుంది. నాలుగు రంగుల డిజైనుకు ఇంచుమించు మొత్తం వాహనాన్ని నాలుగు సార్లు కప్పి విప్పవలసి ఉంటుంది. లోహపు పలుకులు కలిసిన మెటాలిక్ రంగులతో ప్రత్యేక శ్రద్ధ అవసరం. రంగు తడిగా ఉన్నపుడు ఆ పలుకులు గురుత్వాకర్షణ వలన ఒక తీరున కుదురుకుంటాయి. అందుచేత సామాను అర తలుపును బల్లపై పడుకోబెట్టి రంగు వేసి, గోడకు మాత్రం నిలువుగా వేస్తే ఒకే డబ్బాలోని రంగు రెండు చోట్ల రెండు ఛాయలలో కనిపిస్తుంది.

చివరిది క్లియర్ కోట్. దీనిని మూల రంగులు వేసిన తరువాత తయారీదారు చెప్పిన గడువు లోపలే పూయాలి. గడువు దాటితే రెండు పొరలూ సరిగా అతకవు. దీని మందం సుమారు 50 మైక్రాన్లు, అనగా మనిషి వెంట్రుక కన్నా తక్కువ. అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పదార్థాలు ఈ పొరలోనే ఉంటాయి. రెండు రంగులు కలిసే చోట టేపు అంచు మెట్టులా వేలికి తగులుతుంది. దానిని మాయం చేయడానికి కొందరు ఒకసారి క్లియర్ వేసి, ఆరిన తరువాత చదునుగా రుద్ది, మళ్ళీ క్లియర్ వేస్తారు. పట్టీ గీత మీద వేలు ఆనించి చూసే అనుభవజ్ఞులైన కొనుగోలుదారులు నిజానికి ఈ అదనపు పని జరిగిందా లేదా అనే చూస్తున్నారు. ఆఖరున 1500, 2000 నంబరు కాగితాలతో తడిగా రుద్ది, బఫింగు చేసి మెరుపు తెస్తారు.

లోపాలు

గోడ పొడవు ఎక్కువ, వెలుగు ఏటవాలుగా పడుతుంది. కావున కారులో కనపడని లోపం కూడా ఇక్కడ కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. నారింజ తొక్కలా గరుకుగా రావడం, కారి చారలు కట్టడం, దుమ్ము నలకలు చిక్కుకోవడం, టేపు కిందికి రంగు పాకడం సాధారణమైనవి. సిలికోన్ అంశ ఉన్న చోట రంగు వెనక్కు తగ్గి చేపకన్ను లాంటి గుంట ఏర్పడుతుంది. ఇవి కర్మాగారంలోనే పట్టుబడతాయి. కొన్నేళ్ళకు బయటపడేవి అసలు కష్టమైనవి. క్లియర్ కోట్‌లో సాలెగూడు వంటి పగుళ్ళు, అంచుల వద్ద పొర ఊడటం వీటిలో ముఖ్యమైనవి. ముదురు రంగులు ఎండలో ఎక్కువ వేడెక్కి గోడలను వ్యాకోచింపజేస్తాయి. దీనివలన పెయింటుకే కాక గోడలోని జిగురుకు కూడా హాని కలుగవచ్చు. అందంగా కనిపించే నల్లని వాహనాన్ని ఆరిజోనా ఎండలో నిలిపే యజమాని ఈ విషయాన్ని కొనేటప్పుడే ఆలోచించవలసి ఉంటుంది.

కార్మికుల ఆరోగ్యం

తక్కువ వేడిలో గట్టిపడే గుణాన్ని ఇచ్చే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. ఇవి 1984లో భోపాల్‌లో వెలువడిన మిథైల్ ఐసోసైనేట్ కాదు. అదే కుటుంబానికి చెందినా వేరైన, సులువుగా ఆవిరి కాని పదార్థాలు. అయితే స్ప్రే గన్‌తో చిమ్మినపుడు సన్నని తుంపరగా మారి ఊపిరితిత్తులలోకి చేరతాయి. చర్మం ద్వారా కూడా ప్రభావం చూపుతాయి. వీటి వలన కలిగే ఉబ్బసపు వ్యాధి తీరు ప్రత్యేకమైనది. శరీరం ఒకసారి వీటికి ప్రతిస్పందించడం అలవరచుకుంటే, తరువాత అతి స్వల్ప మోతాదు కూడా తీవ్రమైన ఆయాసం కలిగించగలదు. అటువంటి పెయింటరు ఆ వృత్తినే వదులుకోవలసి వస్తుంది. అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్, ఈ రసాయనాల వలన కలిగే ఉబ్బసం, మరణాల గురించి 1996లో హెచ్చరిక ప్రచురించింది.

హానికరమైన మోతాదులో ఉన్నా వాసన తెలియకపోవడం వలన ముక్కుపై ఆధారపడటానికి వీలులేదు. బూత్‌లో బయటి నుండి గొట్టం ద్వారా శుభ్రమైన గాలి అందే ముసుగు, చేతి తొడుగులు, ఒంటిని పూర్తిగా కప్పే దుస్తులు అవసరం. గాలి ప్రవాహాన్ని తుంపర ముఖానికి ఎదురురాకుండా ఉంచడం కూడా ముఖ్యమే. బూత్ బయట పనిచేసేవారు తమకు ప్రమాదం లేదనుకోవడం కద్దు. కానీ పూర్తిగా ఆరని పూతను రుద్దేవారికి, గన్‌ను కడిగేవారికి, రంగులు కలిపేవారికి కూడా ముప్పు ఉంది. గాలి కాలుష్యం విషయమై అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2008లో చిన్న పెయింటు శాలలకు నియమాలు విధించింది. క్రోమియం, సీసం, మాంగనీసు, నికెల్, కాడ్మియం ఉన్న పెయింట్లను చిమ్మే వారికి ఇవి వర్తిస్తాయి. వడపోత ఉన్న బూత్, తుంపర వృథాను తగ్గించే గన్, శిక్షణ పొందిన పెయింటరు ఇందులో తప్పనిసరి.

నిర్వహణ

క్లియర్ కోట్ ఉన్నంత మాత్రాన నిర్వహణ అక్కరలేదని కాదు. కడగడం, మైనం పట్టించడం, వీలైతే నీడలో నిలపడం అవసరం. ముందు భాగంపై రాళ్ళ దెబ్బలు తగలకుండా కొందరు పారదర్శకమైన పొర అంటిస్తారు. పాతకాలపు పొరలు ఎండకు పసుపుబారి పగిలి, తీయబోతే ముక్కలుగా ఊడి వచ్చేవి.

మరమ్మత్తు ఖర్చుతో కూడినది. అరచేయంత గీతకు కూడా ఆ ప్రాంతంలోని పట్టీలన్నీ మళ్ళీ టేపు కట్టి వేయాలి. ఎండకు కొద్దిగా మారిన పాత రంగులో కొత్త రంగు కలిసిపోయేలా చుట్టూ విస్తరింపజేయాలి. ఇందుకు వాహనంతో పాటు ఇచ్చే రంగుల సంకేతాల కాగితం ఎంతో ఉపయోగపడుతుంది. రెండవ చేతి వాహనం కొనేవారు ఇంజను పత్రాలతో పాటు దీనిని కూడా అడిగి తీసుకుంటారు.