భుజాన మోసే మంచె

జొన్నచేను కంకి వేసే రోజులలో చేను నడుమ నాలుగు గుంజలమీద నిలిచిన మంచెను, దానిమీద నిలబడి వడిసెల త్రిప్పుతూ పిట్టలను తోలే పిల్లలను చూచినవారు మనలో ఇంకా ఎందరో ఉన్నారు. ఆ మంచెకూ, మన ఇళ్ళలో పడుకొనే మంచానికీ పుట్టిల్లు ఒక్కటే. అది సంస్కృతములోని ‘మంచ’ శబ్దము. భాగవత కథలో కంసుడు మల్లయుద్ధము చూడడానికి కూర్చున్నది ఎత్తైన మంచముమీదనే. కృష్ణుడు ఎగిరి దుమికి అతనిని పట్టి క్రిందికి ఈడ్చినదీ ఆ మంచముమీదినుండియే. హిందీలో ఈ మాటే ‘మచాన్’ అయినది. ఆంగ్లేయులు మన దేశానికి వచ్చి, వేట మరిగి, ఆ మాటను తమ భాషలో కలుపుకొన్నారు. 1886లో వెలువడిన ‘హాబ్సన్ జాబ్సన్’ నిఘంటువు మచానుకు రెండు ప్రయోజనాలు చెప్పినది: పులికోసము కాచి కూర్చొనుట, చేనికి కావలి ఉండుట.

ఈ రెండు పనులూ పైకి ఒక్కటిగా కనిపించినా వాటి నడుమ పెద్ద భేదమున్నది. చేను కదలదు, కనుక రైతు మంచె కదలనక్కరలేదు. మృగము నేడు ఈ వాగు ఒడ్డున, రేపు ఆ కొండ మలుపున ఉంటుంది. వేటగాని మంచె దాని వెంట పోవాలి. వెంట పోవాలంటే తేలికగా ఉండాలి. ఎక్కినవాని ప్రాణము నిలపాలంటే గట్టిగా ఉండాలి. తేలికకూ గట్టితనానికీ నడుమ సాగిన తగవే వేటమంచె చరిత్ర అని నాకు తోస్తుంది.

అసలు చెట్టెందుకు ఎక్కవలె? పులివేటలో జవాబు సులభము: ప్రాణభయము. జింక, దుప్పి వంటి సాధుజంతువుల వేటలో కారణము వేరు. అడవిమృగము అపాయాన్ని తన కంటి ఎత్తులో వెదకుతుంది. అంతకంటె ముఖ్యము, దాని ముక్కు. నేలమీద నిలిచిన మనిషి వాసనను గాలి తిన్నగా దాని ముఖాన కొడుతుంది. పదిహేను, ఇరవై అడుగుల ఎత్తునుండి బయలుదేరిన వాసన దగ్గరలోని మృగానికి అందక దాని తలమీదుగా పోవచ్చును. పోవచ్చును అంటున్నానే గాని, పోతుందని అనడము లేదు. చల్లబడిన సాయంకాలపు గాలి పల్లానికి దిగేటప్పుడు వాసననూ దించుకొని పోతుంది. పైగా, తరచు వేటాడబడే అడవిలో జింకలు తలయెత్తి కొమ్మలవైపు చూడడము నేర్చుకొంటాయి.

రాజులకు ఈ చిక్కులు లేవు. మేవాడ ప్రభువులు ‘ఓదీ’ అనే రాతి బురుజులు కట్టించుకొని, మృగాలనే తమ ముందుకు తోలించుకొన్నారు. దొరలకు మాత్రము పులి ఎక్కడ పశువును చంపితే అక్కడ మంచె కావలసి వచ్చినది. కబురు అందగానే పల్లెవారు గొడ్డళ్ళతో పరుగెత్తి, కొమ్మలు నరికి, వాసాలు కట్టి మంచె లేపేవారు. వేట కథలలో పదే పదే కనబడే విషాదమొకటున్నది: అంత శ్రమపడి మంచె కట్టిన రాత్రి పులి రాదు! రాకపోవడములో వింత లేదు. తాను చంపిన పశువుకు దూరముగా పోక, దగ్గరి పొదలోనే పడుకొని, అది గొడ్డలి దెబ్బలన్నీ విన్నది. నరికిన కొమ్మల తెల్లని మొదళ్ళు వెన్నెలలో మెరుస్తూ మిగతా సంగతి చెప్పినవి.

ఇక్కడ ఒక్క మాట. దొర మంచె ఎక్కి భద్రముగా కూర్చున్న తరువాత, దానిని కట్టిన మనుషులు పొద్దుగూకే వేళ అదే అడవిదారిన, చేతిలో కర్ర తప్ప మరేమీ లేక, గట్టిగా మాట్లాడుకొంటూ ఇండ్లకు నడిచేవారు. వేట గ్రంథాలు వారి సంగతి ఒక వాక్యములో ముగించి మంచెమీదికి తిరిగి వస్తాయి.

చప్పుడు లేకుండా క్షణాలలో కట్టుకొనగల మంచె కావాలన్న తలంపు ఈ అనుభవమునుండి పుట్టినదే. దానికి చక్కని ఉదాహరణము మన తెలుగు నేలతో సంబంధమున్న రచనలలోనే దొరుకుతుంది. బెంగుళూరు నివాసి కెన్నెత్ ఆండర్సన్ (1910–1974) దక్షిణాది అడవులలో వేటాడి, ఆ కథలను గ్రంథస్థము చేసినాడు. 1954లో వచ్చిన ఆయన తొలి గ్రంథములో చామల లోయ పులి కథ ఒకటి. చామల లోయ తిరుపతికి చేరువలోనిది. నాడు చిత్తూరు జిల్లా, 2022నుండి తిరుపతి జిల్లా. మామండూరు, నాగపట్ల, భాకరాపేట వంటి మన ఊళ్ళ పేర్లు ఆ పుటలలో చదువుతుంటే వేటకథ కూడ ఇంటికథవలె ఉంటుంది. పులిబోను అనే అటవీ బంగళా పేరునుబట్టియే అక్కడి పూర్వచరిత్ర ఊహించుకొనవచ్చును.

ఆండర్సన్ వెంట తీసుకొనిపోయే మంచె మరేదో కాదు, నవారు అల్లిన తేలికైన మంచము! మంచ శబ్దము తిరిగి తిరిగి తన మొదటి అర్థానికే చేరినదన్నమాట. దీనిలోని తెలివి మన ఇల్లాండ్రకు వెంటనే బోధపడుతుంది. నులకమంచముమీద ప్రక్కకు ఒత్తిగిలితే కిర్రుమంటుంది. నవారు మంచము మాట్లాడదు. చట్రము ముందే బిగించి ఉన్నది గనుక అడవిలో గొడ్డలికి పని తక్కువ. ఇద్దరు మనుషులు ఎత్తి, కొమ్మల నడుమ త్రాళ్ళతో బంధించి, చుట్టూ ఆకుల కొమ్మలు కడితే సరి. ఆ ఆకులు మంచె కట్టిన చెట్టువే కావాలి. చింతచెట్టులో మామిడి రెమ్మలు వ్రేలాడితే మనకే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ చెట్టు క్రిందనే తిరిగే మృగానికి ఉండదా?

ఆయనకు పెద్దవాడైన జిమ్ కార్బెట్ పద్ధతి వేరు. ఉపకరణాలమీద ఆయనకు మోజు తక్కువ. కొమ్మల చీలికలో ఒదిగి కూర్చొని రాత్రులు గడిపిన ఘట్టాలు ఆయన గ్రంథాలలో పెక్కు. రుద్రప్రయాగ చిరుతపులి 1918నుండి 1926వరకు ప్రభుత్వ లెక్కనుబట్టియే 125మందిని పొట్టన పెట్టుకొన్నది. బదరీ కేదార యాత్రికులు నడిచే దారిప్రక్క గులాబ్‌రాయ్ వద్ద ఒక మామిడిచెట్టుపైని మంచెమీద కార్బెట్ పదిరాత్రులు వృథాగా కూర్చున్నాడు. పదకొండవ రాత్రి, 1926 మే నెల మొదట్లో, క్రింద కట్టిన మేక మెడలోని గంట మ్రోగినది; దీపము ఒక్కసారి వెలిగి ఆరిపోయినది; ఆ ఒక్క వెలుగులోనే తుపాకి ప్రేలినది. పది రాత్రుల కదలని తపస్సును భరించిన మంచె అది. ఇరవై మైళ్ళు మోసుకుపోవడానికి ఏది మంచిదో కాదు, పది రాత్రులు కూర్చోవడానికి ఏది మంచిదో చూచుకొన్నవాడు కార్బెట్.

ఇంతవరకు చెప్పినదంతా తుపాకి కథ. తుపాకి పట్టినవాడు కూర్చొనిగాని, బోర్ల పడుకొనిగాని మీట నొక్కగలడు. అతనికి మంచము చాలు. విల్లు పట్టినవానికి అది చాలదు. నారి లాగడానికి మోచేయి వెనుకకు పోవాలి, వింటి కొమ్ములకు పైన, క్రింద చోటుండాలి, నడుము తిరగాలి. పలుమారు లేచి నిలువవలసి ఉంటుంది. కనుక విలుకాని మంచె పడక కాదు, నిలువు చోటు. ఈ సంగతి తేలిన దేశము అమెరికా.

1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ ఊరి అంచున, తన యాహీ తెగలో అందరూ అంతరించగా ఒంటరిగా మిగిలిన ఆదివాసి ఒకడు కనబడినాడు. పండితులు అతనిని ‘ఇషీ’ అని పిలిచినారు. అతని భాషలో ఆ మాటకు మనిషి అని అర్థము. విశ్వవిద్యాలయ వైద్యుడు శాక్స్‌టన్ పోప్ అతనికి చికిత్స చేస్తూ, అతనివద్ద విలువిద్య నేర్చుకొన్నాడు. ఇషీ 1916లో క్షయతో మరణించినాడు. పోప్ 1923లో విల్లంబుల వేటనుగూర్చి వ్రాసిన గ్రంథము చదివి ఎందరో అమెరికనులు మరల విల్లు పట్టినారు. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రము జింకల వేటకు విలుకాండ్రకని ప్రత్యేక ఋతువు ఏర్పాటు చేసినది. ఇషీ చెట్టెక్కి వేటాడిన శాఖవాడు కాడు. నేలమీద పొదమాటున కూర్చొని, కుందేటి అరపు అరచి మృగాన్ని పిలిచేవాడు. అతని శిష్యపరంపర చెట్లెక్కడానికి కారణము ఓర్పులో తరుగుదల అని నా అనుమానము. తగిన మాటు లేని అడవులని వారు చెప్పుకొనవచ్చును. 1969లో హోలెస్ విల్బర్ ఆలెన్ అనే మిస్సోరీ నివాసికి కప్పీల వింటిపై పేటెంటు లభించినది. నారిని పూర్తిగా లాగిన తరువాత బరువు తగ్గే ఈ విల్లు వేలాదిమందిని విలుకాండ్రను చేసినది. వారితోపాటు చెట్టుమంచెల వ్యాపారమూ పెరిగినది.

ఇప్పుడు ఆ దేశములో ఎన్నుకొనవలసినవాని ముందు ముఖ్యముగా నాలుగు తరహాలున్నవి. ఒకటి, చిన్న పలకను పట్టీతో మానుకు బిగించేది. ఇది తేలిక, ఏ చెట్టుకైనా అమరుతుంది; కాని ఎక్కడానికి మెట్లు వేరే మోయాలి, ఎత్తున ఒంటిచేత్తో బిగించాలి. అపాయము అక్కడే ఉన్నది. రెండవది తానే చెట్టెక్కే మంచె. రెండు ముక్కలు మానును కౌగిలించుకొని ఉంటాయి. పైముక్కను చేతులతో, క్రిందిముక్కను కాళ్ళతో వంతులవారీగా జరుపుకొంటూ పోవాలి. కల్లు గీసేవారు మోకు, బంధములతో తాడెక్కే విధానము తెలిసినవారికి ఇది క్రొత్త కాదు. దీనికి తాడివంటి చెట్టే కావాలి: నిటారుగా, కొమ్మలు లేక, మరీ లావుగాను మరీ సన్నముగాను కాక. మూడవది నిచ్చెనమంచె, ఎక్కడానికి సుఖము, మోయడానికి శిక్ష. నాలుగవదానికి పలకయే దాదాపు లేదు. నడుముకు ఉయ్యాలవంటి పట్టా కట్టుకొని, త్రాటితో మానుకు వ్రేలాడుతూ పాదాలను మానుకు ఆనించి నిలుస్తారు. బరువు తగ్గించడములో ఇంతకు మించి పోలేరేమో.

కొనేవాడు ముందు చూచేది సంచి బరువు. ముందు చూడవలసినది మోయగల బరువు. సాధారణముగా మంచెలమీద 300 పౌనులని, అనగా సుమారు 136 కిలోలని వ్రాసి ఉంటుంది. అది మనిషి బరువు మాత్రమే కాదు. చలిబట్టలు, విల్లు, సంచి అన్నీ అందులోనివే. ఎత్తు విషయములో కూడ ఆశ పనికిరాదు. విలుకాడు సాధారణముగా ఇరవై గజాల లోపుననే బాణము వేస్తాడు. ఎత్తు పెరిగిన కొద్దీ దగ్గరి జింక వీపు ఎక్కువగా, ప్రక్క తక్కువగా కనబడుతుంది. బాణము రెండు ఊపిరితిత్తులలో ఒకదానినే తాకితే ఆ జంతువు గాయముతో అడవిలో చాలదూరము పోయి, దొరకకుండా చస్తుంది. పదిహేను, ఇరవై అడుగులు చాలునని అనుభవజ్ఞులు చెప్పడము జంతువు బాధ తలచియే.

మనిషి ప్రాణము మాట మరింత గట్టిగా చెప్పవలె. ఆ దేశపు వేటగాండ్రకు కలిగే పెద్ద గాయాలలో బాణమో తూటాయో తగిలి కలిగేవాటికంటె మంచెమీదినుండి పడడము వలననే ఎక్కువ అని వైద్యులు చాలకాలముగా గమనిస్తున్నారు. పడినవారిలో వెన్నెముక విరిగి మంచము పట్టినవారున్నారు. తెల్లవారుజాము చీకటిలో, మంచుకు తడిసిన మెట్టుమీదినుండి పలకమీదికి కాలు మార్చే ఆ ఒక్క అడుగులో ఎందరో పోయినారు. మొదట నడుముకు ఒక పట్టీ కట్టుకొంటే చాలుననుకొన్నారు. పడినప్పుడు అది రొమ్ముకు ఎగబ్రాకి ఊపిరి బిగబట్టినది. అందువలన భుజాలను, తొడలను చుట్టి ఒళ్ళంతా పట్టే పట్టీల కవచము వచ్చినది. నేలమీదనే దానిని తొడిగి, త్రాటితో మానుకు ముడివేసుకొని ఎక్కాలి. పైకి చేరిన తరువాత కాదు. కవచములో వ్రేలాడుతూ కదలకుండా ఉంటే రక్తము కాళ్ళలో నిలిచి కొద్ది నిమిషాలలోనే ప్రాణాపాయము కలుగవచ్చును గనుక, కాలు మోపడానికి ఒక త్రాటి ఉచ్చు కూడ ఉంచుకొంటారు. విల్లు చేతబట్టి ఎక్కరు. పైకి చేరి త్రాటితో లాగుకొంటారు.

మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. మంచె మాత్రము పోలేదు. మహారాష్ట్రలోని తాడోబా వంటి అభయారణ్యాలలో వైశాఖ పూర్ణిమనాడు, ఎండిన అడవిలో నీరు మిగిలిన మడుగులవద్ద, మనుషులు మచానులెక్కి తెల్లవారులూ కాచుకొంటారు. పండువెన్నెల గనుక దీపము అక్కరలేదు. సాయంకాలము ఎక్కినవారు ప్రొద్దు పొడిచేవరకు దిగరాదు, దగ్గరాదు. నీటికి వచ్చిన జంతువు పేరు, వచ్చిన వేళ కాగితముమీద వ్రాసుకొంటారు.