రాగిరేకుల కెక్కని నెలలు

పసివాడి వయసు అడిగితే ఏ తల్లీ ఏళ్ళలో చెప్పదు. "అయిదో నెల. మొన్ననే బోర్లాపడ్డాడు" అంటుంది. నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు! వాడు నేర్చిన ప్రతి కొత్త విద్యకీ మన వంటింట్లో బాణలి పొయ్యి ఎక్కవలసిందే. ఇది తల్లుల లెక్క.

రాజుల లెక్క ఎలా ఉండేదో చూడాలంటే పెదవేగి వెళ్ళాలి. ఏలూరుకు కాస్త ఉత్తరాన ఉన్న ఈ ఊరే ఒకనాటి వేంగి. నాలుగైదు శతాబ్దాల్లో శాలంకాయనులకు రాజధాని. ఆ తర్వాత, 624 ప్రాంతంలో కుబ్జ విష్ణువర్ధనుడు స్థాపించిన తూర్పు చాళుక్య రాజ్యానికి పేరిచ్చిన ఊరు.

శాలంకాయన రాజులు శాసనాల్లో తమని తాము "బప్పభట్టారక పాదభక్తులు" అని చెప్పుకున్నారు. ఏలూరులో దొరికిన దేవవర్మ శాసనంలోనూ ఈ మాట ఉంది, కొల్లేరు శాసనమని పేరుపడ్డ నందివర్మ శాసనంలోనూ ఉంది. భట్టారకుడంటే ప్రభువు. మరి బప్ప? నాన్న! ఎంత బిరుదాల రాజైనా తండ్రిని తలుచుకునే చోట పళ్ళు రాని నోటిమాటే పలికాడు చూడండి.

బ, ప, మ. ఈ అక్షరాలకి నాలుక తిరగనక్కర్లేదు, పెదవులు కలిస్తే చాలు. ప్రపంచంలో ఇన్ని భాషల్లో అమ్మానాన్నల పేర్లు ఎందుకింత దగ్గరగా ఉంటాయని 1959లో రోమన్ యాకబ్‌సన్ అనే భాషాశాస్త్రవేత్త ఆలోచించాడు. పాలు తాగుతూ బిడ్డ ముక్కుతో తీసే సన్నని మూలుగులోంచే 'మ' పుట్టిందనీ, అది తల్లి పేరయిందనీ ఆయన ఊహ. బిడ్డ ఊరికే ఏదో అంటే, "అదిగో, నన్నే పిలిచాడు" అని మురిసిపోవడం పెద్దవాళ్ళ పని. ఆ మురిపెమే ఒక భాషకు మాటగా మిగిలిపోయిందన్నమాట!

ఇక చాళుక్యుల రాగిశాసనాలకు వస్తే, వాళ్ళు లెక్కల్లో మహా గట్టివాళ్ళు. కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్ళు, మంగి యువరాజు 25 ఏళ్ళు, కొక్కిలి 6 నెలలు, ఇంద్రభట్టారకుడు 7 రోజులు. వారం రోజుల ఏలుబడిని కూడా వదలకుండా చెక్కించారు.

ఆ జాబితాలో ఒకచోట మాత్రం నా కళ్ళు ఆగిపోతాయి. 925 ప్రాంతంలో మొదటి అమ్మరాజు పోయాక ఆయన కొడుకు విజయాదిత్యుణ్ణి గద్దె మీద కూర్చోబెట్టారు. బేతరాజని కూడా పేరు. వాడింకా బాలుడు. పదిహేను రోజులు తిరిగేసరికి తాళరాజు వచ్చి పిల్లవాణ్ణి దింపేసి తాను కూర్చున్నాడు. ఆయన ముచ్చటా నెల్లాళ్ళే అనుకోండి. శాసనానికి కావలసింది ఆ పక్షం రోజుల లెక్కే. ఆ రాత్రి బిడ్డకి అన్నం కలిపి పెట్టిందెవరు? అదిరిపడి లేస్తే వీపు నిమిరిందెవరు? అది రాగిరేకు చెప్పదు.

కాని చరిత్ర ఒక్క కబురు మాత్రం దాచి ఉంచింది. పిఠాపురం కుంతీమాధవస్వామి ఆలయంలో 1202 నాటి స్తంభ శాసనం ఒకటుంది. అది వేయించిన మల్లపదేవుడు తన వంశాన్ని ఈ బేతరాజు నుంచే చెప్పుకున్నాడు. అంటే పిల్లవాడు బతికాడు! పెరిగాడు, పెళ్ళాడాడు, తన బిడ్డల్ని ఎత్తుకున్నాడు. కిరీటం పోయిన పసివాణ్ణి ఎవరో కడుపులో పెట్టుకుని సాకబట్టేగా, ఆ వంశం దాదాపు మూడు వందల ఏళ్ళకి రాతిమీద కెక్కింది! ఆ సాకిన చేతుల పేరు మాత్రం ఏ రాతిమీదా లేదు.

అందుకే చెబుతున్నాను. మీ ఇంటి బుజ్జిగాడు తొలి అడుగు వేసిన రోజున, గోడమీది క్యాలెండర్లో పాలలెక్క పక్కనే ఒక్క ముక్క రాసిపెట్టండి. అరిసెలు ఎలాగూ ఆ పూటకే అయిపోతాయి.