పులుపు, పులియడం, పీహెచ్

1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న నాందేడ్ జిల్లాలో, ధర్మాబాద్, దేగ్లూర్ వైపు తెలుగు, మరాఠీ పక్కపక్కనే వినిపిస్తాయి. తెలుగిళ్లలో పిండి ‘పులుస్తుంది’. మరాఠీ వాళ్లు దాన్నే ‘ఆంబణే’ అంటారు. ఆంబణేకు ‘ఆంబట్’తో, పులియడానికి ‘పులి’తో చుట్టరికం. రెండింటికీ అర్థం పులుపే. తమిళంలో పుళి, కన్నడంలో హుళి మన ‘పులి’కి అక్కచెల్లెళ్లే. మన పులుసు, పులిహోర కూడా ఆ ఇంటివే.

ఎంజైమ్ అన్న మాటా పిండి గిన్నెలోంచే లేచింది. గ్రీకులో ‘జైమే’ అంటే పులియబెట్టే పదార్థం. 1870ల్లో జర్మన్ శాస్త్రవేత్త క్యూనే ఆ పేరు పెట్టాడు. 1909లో రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ కోపెన్‌హాగన్‌లో ఎంజైముల మీద పనిచేస్తూనే పీహెచ్ కొలతను ప్రవేశపెట్టాడు. పులుపును అంకెల్లో చెప్పే ఈ కొలత ఎంజైముల పనిలోంచే వచ్చిందన్నమాట.

ఎంజైముకూ పులుపుకూ ఉన్న ఆ లంకె నోట్లోనే తెలుస్తుంది. ఉత్త అన్నం ముద్ద నిదానంగా నమిలితే తియ్యగా తగులుతుంది. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొడుతుంది. అమైలేజ్‌కు 7 దగ్గరి పీహెచ్ హాయి. చిక్కటి చింతపండు పులుసు కలిపితే ఆ పని మందగిస్తుంది. ఆమ్లం ఎక్కువైతే ఎంజైమ్ ఆకారమే చెదిరిపోతుంది. పొట్టలోని పెప్సిన్ అనే ఎంజైమ్ వరస వేరు: పీహెచ్ 2 దగ్గరి గట్టి పులుపులోనే దాని జోరు.