ముగ్గురాయి: బరువు, తెలుపు, శుద్ధి

అనంతపురం జిల్లాలో వాన తక్కువ, రాయి ఎక్కువ. ఏడాదికి సగటున సుమారు 55 సెంటీమీటర్ల వానతో సరిపెట్టుకొనే ఈ మెట్టనేలలో, తాడిపత్రి వైపు కొండలలో, తెల్లని రాయి ఒకటి దొరుకుతుంది. సున్నపురాయి కాబోలునని ఎత్తబోతే చెయ్యి క్రిందికి లాగుతుంది. శాస్త్రగ్రంథాలలో దీనిపేరు బెరైటీసు, జనవ్యవహారంలో ముగ్గురాయి. రసాయనికంగా ఇది బేరియం సల్ఫేటు, అనగా బేరియం గంధకితం. శుద్ధమైన ముగ్గురాయి విశిష్ట గురుత్వం 4.5, సున్నపురాయికి 2.7 మాత్రమే.

ఈ బరువే పూర్వం ఒక చెప్పులు కుట్టే వానికి ఆశ పుట్టించింది. 17వ శతాబ్ది తొలి సంవత్సరాలలో, ఇటలీలోని బొలోన్యా నగరంలో కాషరోలో అనే అతడు ఊరి దగ్గరి కొండమీద ఇటువంటి రాళ్ళను ఏరి బొగ్గుతో కలిపి కాల్చాడు. బంగారం వస్తుందనుకొన్నాడని చెబుతారు. బంగారం రాలేదు గాని, కాలిన ముద్ద చీకటిలో వెలిగింది. బొగ్గు ఆక్సిజన్‌ను లాగుకొనిపోగా సల్ఫేటు సల్ఫైడుగా మారడమే అక్కడ జరిగిన రసాయన చర్య. 1774లో స్వీడన్ రసాయనశాస్త్రజ్ఞుడు షీలే ఇందులో ఒక క్రొత్త మూలకం ఉన్నదని గుర్తించాడు. 1808లో ఇంగ్లండులో డేవీ విద్యుత్తు సహాయంతో ఆ లోహాన్ని వేరుచేశాడు. బరువు అనే అర్థంగల గ్రీకు మాటనుండి దానికి బేరియం అని పేరు వచ్చింది. వింత ఏమంటే, లోహం మాత్రం అంత బరువైనది కాదు. దాని విశిష్ట గురుత్వం సుమారు 3.5.

ఇక మన సీమకు వద్దాం. కడప, కర్నూలు శిలాశ్రేణులను వర్ణిస్తూ భారత భూవిజ్ఞాన శాఖకు చెందిన విలియం కింగ్ 1872లో పెద్ద గ్రంథం ప్రకటించాడు. దత్తమండలాల ముగ్గురాయిని ప్రత్యేకంగా పరిశీలించినవాడు అదే శాఖవాడైన కూల్సన్. అతని గ్రంథం 1933లో వెలువడింది. అనంతపురం జిల్లాలో ముచ్చుకోట, నెరిజాముపల్లె, కడప జిల్లాలో కొత్తపల్లె, కర్నూలు జిల్లాలో బలపాలపల్లె మొదలైన చోట్ల ఉన్న రాతిని అతడు వివరించాడు. ఇక్కడ వేంపల్లె సున్నపురాతి పొరల మధ్యకు ఒకప్పుడు కరిగిన నల్లరాయి చొచ్చుకొని వచ్చింది. పులివెందుల వద్ద అట్టి నల్లరాతికి 188 కోట్ల సంవత్సరాల వయస్సు కట్టారు. ముగ్గురాయి సున్నపురాతి పగుళ్ళలోనూ, నల్లరాతి పగుళ్ళలోనూ సిరలుగా నిండి ఉన్నది. కాబట్టి నల్లరాయి గట్టిపడి, బీటలు వారిన పిమ్మటనే ఆ సిరలు ఏర్పడి ఉండాలి.

ఆ రోజులలో ముగ్గురాతికి ధర కట్టింది ప్రధానంగా తెలుపును చూచి. రంగుల తయారీలో తెల్లపొడి కావాలి. ఇనుపతుప్పు మరక కనిపించిన రాయి రెండవరకం. లిథోపోన్ అనే తెల్లరంగుకు కూడా బేరియమే ఆధారం. తరువాత టైటానియం తెలుపు వచ్చి లిథోపోన్‌ను చాలవరకు ప్రక్కకు నెట్టింది.

ఇంతలో దూరదేశంలో మరొక గిరాకీ పుట్టింది. భూమిలోతులనుండి నూనె, వాయువులు పైకి తన్నుకొని రాకుండా ఆపాలంటే బావిలోని బురద బరువుగా ఉండాలి. అమెరికాలో స్ట్రౌడ్ అనే ఆయన బురదలో బరువైన ఖనిజపు పొడి కలిపే పద్ధతికి 1926లో పేటెంటు పొందాడు. ముగ్గురాయి ఇందుకు ఎంతో అనువైనది: బరువైనది, నీటిలో కరగనిది, పనిముట్లను అరగదీయనంత మెత్తనిది. ఇక్కడ తెలుపుతో పనిలేదు. దీనితో రైల్వే కోడూరు ప్రాంతంలోని మంగంపేట బూడిదరంగు రాయికి రోజులు వచ్చాయి. అది సన్నని సిర కాదు, పొరలుగా పరచుకొన్న మహానిక్షేపం. దేశంలోని ముగ్గురాతిలో అత్యధిక భాగం అక్కడిదే. 1961లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ చేతిలో అది ప్రపంచ ప్రసిద్ధి పొందింది. తెలుపునే శుద్ధి అనుకొన్నంత కాలం ఆ రాతిని ఎవరు మెచ్చుకొని ఉంటారు?

నూనెబావులవారు అడిగే విశిష్ట గురుత్వం చిరకాలంగా 4.2. మేలురాయి తరిగిపోతున్నదని 2010లో 4.1 రకాన్ని కూడా అంతర్జాతీయ ప్రమాణంలో చేర్చారు. ఈ పరీక్ష మన పాఠశాలలోనే చేయవచ్చు. రాతిని దారంతో కట్టి గాలిలో తూచండి, తరువాత నీటిలో ముంచి తూచండి. గాలిలో 90 గ్రాములు, నీటిలో 70 గ్రాములు తూగితే, తగ్గిన 20 తో 90 ని భాగించగా 4.5 వస్తుంది, అది మేలురాయి. 4.2 వస్తే, అందులో కలిసినది చెకుముకిరాయి జాతి ఒక్కటే అనుకొంటే, బరువులో నూటికి సుమారు 90 పాళ్ళు ముగ్గురాయి ఉన్నట్లు లెక్క. నా దృష్టిలో ఆర్కిమిడీసు సూత్రానికి కిరీటం కథకంటే ఈ జిల్లా విద్యార్థికి ఇదే దగ్గరి ఉదాహరణ.

రసాయన కర్మాగారానికి ఈ శుద్ధి చాలదు. అక్కడ చేసేది కాషరోలో చేసిన పనే: పొడిని బొగ్గుతో కలిపి 1000 డిగ్రీలకు పైగా కాల్చి, వచ్చిన నల్లని బూడిదలోని సల్ఫైడును వేడినీటితో తీస్తారు. ఇసుక వంటివి అడుగున మిగిలిపోతాయి. ఆ ద్రావణంలోనికి బొగ్గుపులుసు వాయువును పంపితే బేరియం కార్బొనేటు దిగుతుంది. దానినుండి క్లోరైడు, నైట్రేటు మొదలైనవి. నైట్రేటు బాణసంచాకు ఆకుపచ్చ వెలుగునిస్తుంది. తూటాలను పేల్చే మందులో ఆంటిమొని సల్ఫైడుతో పాటు ఇదీ చేరుతుంది. అందుచేతనే నేరపరిశోధకులు అనుమానితుని చేతిమీద సీసం, బేరియం, ఆంటిమొనీల జాడ వెదకుతారు. అన్నిటికంటే మొండి మలినం స్ట్రాన్షియం. మూలకాల పట్టికలో అది బేరియానికి పైగడిలోని చుట్టం. గుణాలు కలియడంవల్ల దానిని వేరుచేయడం కష్టం.

ఒకచోట మాత్రం శుద్ధి ప్రాణాలతో ముడిపడినది. పేగుల చిత్రం క్ష-కిరణాలతో తీయడానికి రోగిచేత బేరియం సల్ఫేటును త్రాగిస్తారు. బేరియం అయానులు విషం. అయినా సల్ఫేటు లీటరు నీటిలో రెండు మూడు మిల్లీగ్రాములకు మించి కరగదు కనుక త్రాగినది త్రాగినట్లే బయటికి పోతుంది. కార్బొనేటు అలా కాదు, జీర్ణాశయంలోని ఆమ్లంలో కరుగుతుంది. చూపుకు రెండూ ఒకే తెల్లని పొడులు. 2003లో బ్రెజిల్‌లో కార్బొనేటు కలిసిన మందును త్రాగి 20 మందికి పైగా మరణించారు.

ఈ కల్తీని పట్టే పద్ధతి కళాశాల ప్రయోగశాలలో ఉన్న సామగ్రితోనే సాగుతుంది. పొడిని సజల ఆమ్లంతో మరిగించి వడగట్టి, వడిసిన తేటలో కొంచెం గంధకికామ్లం వేయాలి. తేట తేటగానే ఉంటే సరి. పాలవలె తెల్లబారితే అందులో కరిగే బేరియం ఉన్నట్లే. ఆ మందు రోగి దగ్గరకు పోరాదు.