సాఫ్ట్‌వేర్ కంటే ముందున్న బెంగళూరు: ఫ్యాక్టరీ కొలువులు, కంపెనీ కొలువులు, మన కుటుంబాలు



పిల్లల చదువుల మాట వస్తే మన ఇళ్లలో ఎప్పుడూ ఒకటే వాదన. ప్రభుత్వ రంగం మేలా, ప్రైవేటు కంపెనీ మేలా? పెద్దవాళ్లు హెచ్ఏఎల్, బీఈఎల్, ఇస్రో అంటారు. పిల్లలు ఎలక్ట్రానిక్ సిటీ, వైట్‌ఫీల్డ్ అంటారు. ఒకరిది పాత బెంగళూరు, ఇంకొకరిది కొత్త బెంగళూరు అన్నట్టు మాట్లాడుకుంటాం. నిజానికి రెండోది మొదటిదాని భుజాల మీద నిలబడింది. మన కుటుంబాలు కూడా అలాగే నిలబడ్డాయి. ఈ సంగతి తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాం. ఓపికగా చదవండి.

కథ కంప్యూటరుతో మొదలు కాలేదు, కరెంటుతో మొదలైంది. 1902లో శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టిన విద్యుత్తు ముందు వెళ్లింది కోలారు బంగారు గనులకు. ఆ గనుల్లో తమిళులతో పాటు మనవాళ్లూ దిగి పనిచేశారు. 1905లో బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగాయి. 1909లో టాటా ఇన్‌స్టిట్యూట్ అని మన పెద్దలు పిలిచే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఏర్పడింది. 1912 నుంచి 1918 దాకా మైసూరు దివానుగా ఉన్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి కాలంలో, 1917లో, బెంగళూరుకు ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. ఆయన పుట్టింది చిక్కబళ్లాపురం దగ్గర ముద్దేనహళ్లిలో, ఇంటిపేరు ఆంధ్రలోని మోక్షగుండం ఊరిది. మన ఇళ్లలోనూ చాలామంది కథ ఇదే. పుట్టింది ఇక్కడ, ఇంటిపేరు అక్కడిది. కోలారు, ముళబాగిలు, చింతామణి, బాగేపల్లి తాలూకాల్లో తాతముత్తాతల నాటినుంచీ తెలుగు మాట్లాడుతున్న మనల్ని నిన్నమొన్న వచ్చినవాళ్లుగా ఎవరైనా అనుకుంటే ఈ ఒక్క పేరు గుర్తు చేస్తే చాలు.

కరెంటు, చదువు, సంస్థానం అండ ఉన్నాయి కాబట్టే 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ విమానాల ఫ్యాక్టరీ ఇక్కడ పెట్టారు. మైసూరు ప్రభుత్వం అందులో భాగస్వామి. ఈనాటి హెచ్ఏఎల్ మూలం అదే. అంటే ఊరికి పేరు తెచ్చిన ఆ ప్రభుత్వ రంగ సంస్థ కూడా ఒక ప్రైవేటు వ్యాపారి చొరవతోనే పుట్టింది. 1942లో టాటా ఇన్‌స్టిట్యూట్‌లో విమాన శాస్త్ర విభాగం తెరిచారు. ఫ్యాక్టరీ పక్కనే చదువు, చదువు పక్కనే ఫ్యాక్టరీ. బెంగళూరు రహస్యం ఇదే.

స్వాతంత్ర్యం తర్వాత సంస్థలు వరసగా వచ్చాయి. 1948లో టెలిఫోన్లు చేసే ఐటీఐ, 1953లో యంత్రాలు తయారు చేసే హెచ్ఎంటీ, 1954లో సైన్యానికి రేడియోలు, రాడార్లు అందించే బీఈఎల్, 1964లో బీఈఎంఎల్. హెచ్ఎంటీ వాళ్లు 1961లో జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో గడియారాలు మొదలుపెట్టారు. పెళ్లిలో అల్లుడికి హెచ్ఎంటీ వాచీ పెట్టని ఇల్లు ఆ రోజుల్లో తక్కువ. దూరవాణినగర్, జాలహళ్లి, హెచ్ఏఎల్ చుట్టుపక్కల కాలనీలు లేచాయి. క్వార్టర్సు, బడి, ఆసుపత్రి, క్యాంటీను, ఫ్యాక్టరీ బస్సు అన్నీ కంపెనీవే.

మన చరిత్రకు అసలైన మలుపు ఇక్కడే. ఆ ఫ్యాక్టరీలోకి వెళ్లడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. ఎస్సెస్సెల్సీ, దాని మీద ఒక ట్రేడ్ సర్టిఫికెట్ ఉంటే అప్రెంటిస్‌గా చేరవచ్చు. ఐటీఐ అంటే ఈ ఊళ్లో రెండు అర్థాలు: ఒకటి పని నేర్పే బడి, రెండోది పని ఇచ్చే ఫ్యాక్టరీ. ఆ రెండు ఐటీఐల మధ్య నడిచిన దారిలోనే రాగి చేనులో పనిచేసిన రైతు కొడుకు టర్నరు అయ్యాడు, ఫిట్టరు అయ్యాడు, టూల్‌రూమ్‌లో మైక్రాన్ల లెక్కన లోహం చెక్కాడు. టెలిఫోన్లు, గడియారాలు, ఎలక్ట్రానిక్ భాగాలు కూర్చే పనిలో ఆడవాళ్లకూ చోటు దొరికింది. ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఉండేది. జీతంతో పాటు పీఎఫ్, గ్రాట్యుటీ, ఇంటి అప్పు. ఒక తరం భూమి లేకుండానే స్థిరపడింది. శ్రీరామనవమికి క్వార్టర్సు మధ్య పందిరి వేసి పానకం, కోసంబరి పంచిన చోట కన్నడిగుడూ మనవాడూ తమిళుడూ ఒకే వరసలో నిలబడ్డారు.

అంతా పాలూ తేనే అని చెప్పలేం. 1980 డిసెంబరు నుంచి 1981 మార్చి దాకా బెంగళూరులోని ఈ పెద్ద ఫ్యాక్టరీల కార్మికులు లక్షమందికి పైగా సమ్మె చేశారు. డెబ్బై ఏడు రోజులు జీతం లేదు. ఆ సమ్మె కార్మికులు ఆశించిన ఫలితం ఇవ్వలేదు. ఇంట్లో బంగారం తాకట్టుకు పోయిన రోజులవి అని పెద్దలు చెప్తుంటారు. సర్కారు కొలువు అంటే కష్టం తెలియని కొలువు అనుకునే పిల్లలకు ఇది కూడా చెప్పాలి.

ఇదే కాలంలో పీణ్యాలో ఇంకో కథ నడిచింది. అక్కడి పారిశ్రామిక వాడ షెడ్లలో యు.ఆర్. రావు గారి నాయకత్వంలో ఆర్యభట్ట ఉపగ్రహం తయారై 1975 ఏప్రిల్ 19న సోవియట్ భూమి నుంచి ఎగిరింది. 1981లో యాపిల్ ఉపగ్రహాన్ని ఎద్దులబండి మీద పెట్టిన ఫొటో అందరూ చూసే ఉంటారు. దాన్ని పేదరికానికి గుర్తుగా చూపుతారు కానీ, యాంటెన్నా పరీక్షకు లోహం అడ్డురాని వేదిక కావాలి, చెక్క బండి అందుకు పనికొచ్చింది. అది తెలివి. అదే పీణ్యాలో పెద్ద ఫ్యాక్టరీలకు విడిభాగాలు చేసే చిన్న వర్క్‌షాపులు వందలుగా పెరిగాయి. ఫ్యాక్టరీలో పని నేర్చి బయటికొచ్చి సొంతంగా లేతు పెట్టుకున్నవాళ్లు మన సంఘంలోనూ ఉన్నారు.

ఇక కొత్త బెంగళూరు. దానికి చోటు చూపింది కూడా ప్రభుత్వ సంస్థే. 1976లో ఏర్పడిన కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్, ఆర్.కె. బాళిగ గారి ఊహతో, హొసూరు రోడ్డులో 332 ఎకరాల్లో ఎలక్ట్రానిక్ సిటీ వేసింది. అప్పట్లో చుట్టూ పొలాలే. 1983లో ఇన్ఫోసిస్ పుణె నుంచి బెంగళూరు వచ్చింది. 1985లో అమెరికా కంపెనీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇక్కడ డిజైన్ కేంద్రం తెరిచి, ఉపగ్రహ లింకు ద్వారా పనిని అమెరికాకు పంపింది. 1991లో కేంద్రం పెట్టిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులు ఆ సౌకర్యాన్ని చిన్న కంపెనీలకూ ఇచ్చాయి. లింకు సర్కారుదే, ఎగుమతికి పన్ను మినహాయింపూ సర్కారుదే. ఆ పనికి సిద్ధంగా ఉన్న ఇంజనీర్లలో చాలామంది ప్రభుత్వ కాలేజీల్లో చదివినవాళ్లు, ఫ్యాక్టరీ క్వార్టర్సులో పెరిగినవాళ్లు. తండ్రి నెల జీతం కొడుకు ఒక్క రోజులో సంపాదిస్తున్నాడని ఇళ్లల్లో చెప్పుకున్నాం. ఆ కొడుకు ఫీజు కట్టింది ఆ తండ్రి జీతమే అని చెప్పుకోవడం మరిచాం.

అదే 1991 తర్వాత పాత ఫ్యాక్టరీల దారులు వేరయ్యాయి. టెలికాం రంగం తలుపులు తెరుచుకున్నాక ఐటీఐ చిక్కిపోయింది. హెచ్ఎంటీలో వాలంటరీ రిటైర్మెంట్లు మొదలై, గడియారాల కంపెనీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. హెచ్ఏఎల్, బీఈఎల్ మాత్రం నిలిచాయి. 2001 జనవరి 4న ఈ ఊరి ఆకాశంలో మొదటిసారి ఎగిరిన తేజస్ రూపకల్పనకు సారథి, ఒడిశాలోని బరంపురంలో పుట్టిన కోట హరినారాయణ గారు. దేశమంతా ఓటు వేసే యంత్రాలు తయారు చేసేది రెండు సంస్థలు: బెంగళూరు బీఈఎల్, హైదరాబాదు ఈసీఐఎల్.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. ప్రైవేటు కంపెనీలు మన పిల్లలకు ఇచ్చింది తక్కువేమీ కాదు. మంచి జీతం, విదేశం, ఆడపిల్లలకు సొంత సంపాదన. కానీ ఆ గేటు డిగ్రీ, ఇంగ్లీషు ఉన్నవాళ్లకే తెరుచుకుంటుంది. పదో తరగతి పాసైన పిల్లవాడికి అదే క్యాంపస్‌లో దొరికేది సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, క్యాబ్ డ్రైవింగ్. అక్కడినుంచి పైకి మెట్టు లేదు. పాత ఫ్యాక్టరీలో ఆ పిల్లవాడే అప్రెంటిస్‌గా చేరి ఫోర్‌మ్యాన్‌గా రిటైరయ్యేవాడు. మిగిలిన ప్రభుత్వ రంగ సంస్థల్లో కూడా ఇప్పుడు పర్మనెంటు పక్కన కాంట్రాక్టు కొలువులు పెరిగాయి. మనం పోగొట్టుకున్నది ఒక ఫ్యాక్టరీని కాదు, ఆ మెట్టును. మన సంఘంలో కొందరి పిల్లలు అమెరికాలో, కొందరి పిల్లలు డెలివరీ బండి మీద ఉండటానికి ఒక పెద్ద కారణం ఇది. తెలివిలో తేడా అనుకుంటే మన పిల్లలకే అన్యాయం చేసినట్టు.

అందుకే ప్రభుత్వమా, ప్రైవేటా అన్న ప్రశ్న కంటే ముందు ప్రతి పిల్లవాడికీ ఎక్కడానికి ఒక మెట్టు ఉందా అని అడుగుదాం. ఉన్న మెట్లు అందరికీ తెలియాలి. 1961 అప్రెంటిస్ చట్టం కింద ఈ సంస్థలు నేటికీ శిక్షణకు పిల్లల్ని తీసుకుంటున్నాయి. పర్మనెంటు కొలువుకు అది హామీ కాదు, కానీ చేతికి పని వస్తుంది. ఇంజనీరింగ్ పిల్లలకైతే గేట్ మార్కులతో పిలిచే ప్రభుత్వ రంగ సంస్థలు ఉన్నాయి. ఈ ప్రకటనలు మన వాట్సాప్ గ్రూపుల్లో పండగ శుభాకాంక్షలంత తొందరగా తిరగాలి. కన్నడం చదవడం, రాయడం వచ్చిన పిల్లవాడికి రాష్ట్ర ప్రభుత్వ కొలువుల్లో కూడా దారి ఉంది. తెలుగు ఇంట్లో నిలుపుకుందాం, కన్నడం గట్టిగా నేర్పిద్దాం.

చివరగా ఒక పని. మన సభ్యుల్లో ఫ్యాక్టరీల నుంచి రిటైరైనవారు ఇంకా చాలామంది ఉన్నారు. ఏ ఏడు చేరారు, ఏ షాపులో పనిచేశారు, ఎవరి దగ్గర పని నేర్చారు, సమ్మె రోజుల్లో ఇల్లు ఎలా గడిచింది అన్నది వాళ్ల నోటనే విని రాసుకుందాం. పాత ఐడీ కార్డు, లాంగ్ సర్వీస్ మెడలు, క్వార్టర్సు ఫొటో ఉంటే చెత్తలో వేయకండి. సంఘం ఆఫీసుకు తెస్తే కాపీ తీసి తిరిగి ఇస్తాం. మీ ఇంట్లో అలాంటి పెద్దలుంటే కింద రాయండి, మేమే వచ్చి కలుస్తాం.